నిప్పు చూసిన గుల్ల

ఫాడియూత్‌లో మట్టి కోసం వెతుక్కోవాలి.
వీధంతా గుల్ల, గోడలో గుల్ల,
పందుల దొడ్డి కంచె మొదట్లో గుల్ల.
నా చెప్పుల కరకరకి నాకే సిగ్గేసింది.
టేనింగ్ బాఖూమ్ మాత్రం వట్టికాళ్లతో
పిల్లిలా నడిచింది.

"ఏం కావాలి?"
"గుల్లలమ్మా. ఖాళీవి."
ఆవిడ గడ్డంతో దీవి మొత్తాన్ని చూపించింది.

డాకార్‌లో నా బల్ల మీద అగేటు రోలుంది.
అందులో నూరతాను,
వేళ్ల మధ్య ఉందో లేదో తెలియనంత మెత్తగా.
ఒక్క చుక్క ఆసిడ్ పడితే
పొడి బుస్సుమని పొంగుతుంది.
ఎప్పుడో సముద్రం మింగిన గాలి
ఇప్పుడు తేనుస్తోంది.

ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు.
అంతే సరుకు.
ఆ సరుకుతోనే మడచెట్టు వేరుని కరుచుకున్న ఆల్చిప్ప
పొర మీద పొరగా కాల్సైట్ పరుచుకుంటుంది.
బురదలో కూరుకున్న ఈ గుల్ల
అరగొనైట్ కట్టుకుంటుంది:
ఇరుకుగా, బరువుగా, అడ్డదిడ్డపు పలకలుగా,
పగులు ఒక దారిన పోకుండా.
కాల్షియం పీటల మీద అక్కడక్కడ
పిలవని చుట్టంలా స్ట్రాన్షియం.
నూటికి ఒకటో రెండో పాళ్లు మాత్రం
ఆ జీవి సొంత ఒంటి జిగురు.
మిగతాదంతా సముద్రం దగ్గర అప్పు.

అరగొనైట్‌కి స్థిమితం లేదు.
దాని మానాన వదిలేస్తే యుగాలకి,
నిప్పుల్లో పడితే పూటకి
కాల్సైట్ అయి కూర్చుంటుంది.
ఒక్క అణువూ పోదు.
కూర్చున్న తీరే మారుతుంది.
మళ్లీ పాత తీరుకి రాదు.

దిబ్బలో రెండు నిలువుల లోతున దొరికిన గుల్లది
ఒక రెక్క నూరి ఎక్స్‌రే కింద పెట్టాను.
శిఖరం లేవాల్సిన చోట కాగితం చదునుగా ఉంది.
పక్కన, ఇరవైతొమ్మిది డిగ్రీలు దాటాక,
ఒంటరిగా లేచింది ఇంకొకటి.
మళ్లీ చేశాను. మళ్లీ.
కరెంటు పోయింది. వచ్చాక నాలుగోసారి.
అదే.
వందల ఏళ్ల కిందట
ఎవరో దీన్ని నిప్పుల మీద కాల్చుకు తిన్నారు!

వార్త మోసుకుని పరిగెత్తాను.
టేనింగ్ రెండో రెక్క అందుకుని
అంచు బొటనవేలితో రుద్దింది. పిండి రాలింది.
"కాల్చిందే. అయితే?"
"నీకెలా తెలుసు?"
"ఉడికినదానికి ఇంకా మెరుపుంటుంది.
ఇటువైపే మాడింది చూడు, తిప్పలేదు.
ఆకలి మీదుంది మనిషి."

నా యంత్రం ఆకలి గురించి ఏమీ చెప్పలేదు.

సాయంత్రం చెక్కవంతెన దాటి
సమాధుల దిబ్బకి తీసుకెళ్లింది.
సిలువ ఉన్నవాళ్లూ, మక్కా వైపు పడుకున్నవాళ్లూ
ఒకే తెలుపు కప్పుకున్నారు.
సున్నంలోకి ఎముక మిగలదంటారే,
ఇక్కడ ఎముకకి కాపలాగా సున్నమే మిగిలింది.
ఎముకది ఫాస్ఫేట్ దారి, గుల్లది కార్బనేట్ దారి,
కాల్షియం మాత్రం ఉమ్మడి ఆస్తి.
ఇదంతా ఆవిడకి చెబుదామనుకున్నాను.
ఆవిడ కాలి మడమలో గుచ్చుకున్న పెంకు
పీక్కుంటోంది.

"దీని జత ఏదీ?"
"నూరేశాను."
చాలాసేపు నా వైపు చూసింది,
పిల్లాడు పళ్లెం పగలగొడితే చూసినట్టు.
"పొడైనా సరే, తెచ్చెయ్.
ఆవిడది అది."

వానలు వెళ్లాక తెచ్చాను, చిన్న సీసాలో.
అరచెంచాడు కూడా లేదు.
టేనింగ్ ఆ రెక్కని బోర్లించి పట్టుకుంది.
నేను సీసా తట్టాను.
తెలుపులో తెలుపు, ఎక్కడ పడిందో కనపడలేదు,
కొంత గాలికి పోయి నా చొక్కా మీద వాలింది.
ఆవిడ రెక్కని పైన పెట్టి
పాదంతో మెల్లగా అదిమింది.

సీసా నా దగ్గరే ఉంది.
మీద నా చేతిరాత: ఎఫ్-31, కాల్చినది.
కింద, తర్వాత పెన్సిల్‌తో:
ఒకవైపే.