డబల్ కుట్టు

మట్టయ్య ఛాతి ముప్పై ఎనిమిది.
ఊపిరి పీలిస్తే నలభై ఒకటి.
ఈ సంగతి మిర్యాలగూడల
అతని తల్లికి తెల్వదు, నాకు తెలుసు.
పదకొండేండ్ల సంది ఆ నీలం బనీను కుట్టేది నేనే,
వీపు మీద తొమ్మిది అంకె అతికేదీ నేనే.

పగలు అతను రైస్ మిల్లు హమాలి.
డెబ్బై ఐదు కిలోల బస్తా ఎత్తుకొని
చెక్క మెట్లెక్కుతుంటే ఎవడూ చప్పట్లు కొట్టడు.
రాత్రి క్యాంపు గ్రౌండుల
ఫ్లడ్ లైట్ల కింద తొడగొట్టి
నడిమి గీత దాటిండంటే
వడ్ల ట్రాక్టర్ల మీద నిలబడ్డ జనమంతా
ఒక్కసారి వంగుతరు, అతను వంగినట్టే.

కూత మొదలైతది.
కబడ్డి కబడ్డి కబడ్డి
సన్నగ, మిషన్ సూది నడిచినట్టు,
ఎక్కడా పోగు తెగకుండ.
ఊపిరి బిగబట్టింది అతనొక్కడే గాదు.
పల్లీలమ్మే ఇమాంబీ
పొట్లం సగం చుట్టి ఆగుతది.
బైకు సీటెక్కి చూసే కండక్టర్ లింగారెడ్డికి
విజిల్ నోట్లెనే ఉంటది, ఊదడు.
నా పక్కనోడెవడో నాకు తెల్వదు,
నా భుజం గట్టిగ పట్టుకుంటడు.
అతను మళ్లొచ్చి గీత తాకినంక
మూడు వేల మంది ఒక్కపారి ఊపిరిడుస్తరు.
ఆ గాలికి గోడవతల రేకుల మీది దుమ్ము లేస్తది.
నిజంగ. నేను చూసిన.

ఈసారి ఫైనలు హుజూర్‌నగరోళ్లతోని.
ఎవరికీ చెప్పలే గాని
భుజాలకు, చంకలకు, అంచుకు
డబల్ కుట్టేసిన, నైలాన్ దారం.
పోయినేడు చిరిగిందని గేలి చేసిండ్రు గదా.
పైసలు తీసుకోలే.
అభిమానమంటే నాకు చేతనైంది గదే.

ఆఖరి కూత. ఒక్క పాయింటు తేడా.
ఇద్దరిని తాకి మళ్లిండు.
వెనుకకెల్లి ఒకడు బనీను అంచు దొరకబట్టిండు.
బట్ట పట్టుడు తప్పే, విజిల్ పడలే.
మట్టయ్య ఒళ్లంత ముందుకు సాగింది,
చెయ్యి సాచిండు, గీతకు జానెడు.
బట్ట చిరిగితే గెలుస్తుండె.
చిరగలే.
కూత తెగింది.

పదకొండేండ్లు మోసిన జనం
రెండు నిమిషాలల్ల దించిండ్రు.
ముసలోడైండన్నరు.
అమ్ముడువోయిండన్నడొకడు,
నా భుజం పట్టుకున్నోడే.
నేను నోరు తెరవలే.
ఏమని చెప్పాలె?
పట్టుకున్నది హుజూర్‌నగరోడు గాదు, నా దారమనా?

తెల్లారి షట్టర్ లేపకముందే వచ్చి
మెట్టు మీద కూసున్నడు, మెడ నిండ ఊక దుమ్ము.
బనీను బల్ల మీద పెట్టిండు.
అంచు సాగింది గాని ఒక్క కుట్టు ఊడలే.
బొటనవేలుతోని తడిమి తడిమి
"మంచిగ కుట్టినవ్ సత్తెన్నా" అన్నడు.
ఎక్కిరింతనో మెచ్చుకోలో
ఇప్పటికీ తెల్వదు.

"ఈసారి జర వదులు పెట్టు."
ఈసారి, అన్నడు.
మెడల టేపు తీసిన. చేతులు లేపిండు.
ఎదురుంగ చాయ్ బండి కాడ ముగ్గురు
గ్లాసులు పట్టుకొని ఇటు తిరిగిండ్రు.
"మామూలుగ ఉండు, ఊపిరి బిగబట్టకు" అన్న.
అలవాటైన ఒళ్లు, బిగబట్టిండు.
ముప్పై తొమ్మిదిన్నర.
అది బుక్కుల రాసేదాక
నేనూ ఇడువలే.