ఐదు చుక్కలు

ఆ సినిమాకి ఐదు చుక్కలూ నేనే ఇచ్చాను.
ఆరోది ఇచ్చే వీలుంటే అదీ ఇచ్చేవాణ్ణి.
ఆరు నెలలుగా బుడాపెస్ట్ ట్రాముల ఒంటినిండా అదే బొమ్మ,
పాలడబ్బా మీద కూడా ఆ వ్యోమనౌక ముక్కు.
నా వాక్యం ఒకటి పోస్టరెక్కింది:
"శూన్యానికి చెవి ఆనించి విన్నట్టుంది."
కింద, చీమ తలకాయంత అక్షరాల్లో
విదా బెండెగూజ్. నేనే.

మా పాత మేడలో, మూడో అంతస్తు నడవకి
అటు చివర ఉంటుంది బొరోకా.
వేళాపాళా లేకుండా ఆమె గదిలో
కాబేజీలు విరుగుతుంటాయి.
పదకొండేళ్లుగా
ఏదో ఊరగాయల వ్యాపారమనుకున్నాను.

లిఫ్టు ఆగిపోయిన ఆదివారం
మెట్ల మీద ఎదురుపడింది.
"ఆ వాక్యం మీదేనా?"
గొంతులో మెప్పూ లేదు, ఎగతాళీ లేదు.
"రండి, మీ శూన్యాన్ని చూపిస్తాను."

గోడల నిండా కోడిగుడ్ల అట్టలు.
నేల మీద ఇసుక తొట్టి, తడి తోలుగుడ్డ, తుప్పుగొలుసు.
మూలన ఒక ఫ్రిజ్ తలుపు,
ఫ్రిజ్ లేదు, తలుపొక్కటే.

లాగి వదిలింది.
నా ఒళ్లు జలదరించింది.
కెప్టెన్ని చీకట్లోకి తోసేసి
మూసుకున్న తలుపు అదే!
"రెండు నాగరికతల నడుమ పడిన గడియ" అని
దాని మీద నేనొక పేరా రాశాను.
"మా అమ్మ ఇందులో వెన్న దాచేది," అంది బొరోకా.

ఆ తర్వాత ఎర్రగ్రహపు గాలి:
బల్ల అంచున రాసిన పట్టులంగా.
వింతజీవి వెన్ను విరగడం:
ఇన్నేళ్లుగా గోడకవతల నేను వింటున్నదే.

"మరి ఆ నిశ్శబ్దం?"
నూటనలభై నిమిషాల మోత మధ్య
ఏడు సెకన్లు.
దేశదేశాల విమర్శకులం
ఒక్క గొంతుతో ఆకాశానికెత్తిన ఏడు సెకన్లు.

ఆమె కాఫీ దించుతూ
"అదా? ఆ రీలుకి డబ్బులివ్వలేదు.
నేను చప్పుడు పంపలేదు.
వాళ్లు చూసుకోలేదు."

ఆకాశానికెత్తడం ఎంత సులువు!
అక్కడ దేనికీ బరువుండదు కదా.
కథ గురించి నేనొక్క ముక్కా రాయలేదు,
అది ఉంటే కదా రాయడానికి.
తప్పిపోయిన కొడుకు, టిక్కుటిక్కుమనే బాంబు,
మూడు అంకెలుండగా తెగే ఎర్రతీగ.
ఉచిత పాప్‌కార్న్ నములుతూ
పక్కవాడు కళ్లొత్తుకుంటే
నావీ తడిశాయేమోనని తడుముకున్నాను.

ఆ రాత్రి రెండు చుక్కలు కొట్టేశాను.
తెల్లారేసరికి ఒకటి మళ్లీ పెట్టాను.
తలుపు చప్పుడుకి జలదరించిన ఒళ్లు
నాదే కదా, అబద్ధమాడలేదు కదా.

గురువారం, క్యోబాన్యలో చవక ఆట.
బొరోకా, నేను, ఇంకో తొమ్మిదిమంది.
ముందు వరసలో యూనిఫాం విప్పని ట్రాము డ్రైవరు
మొదటి పేలుడుకే నిద్రపోయాడు,
గ్రహాలు బద్దలైనా కదల్లేదు.

ఆ ఏడు సెకన్లు వచ్చాయి.
దిగ్గున లేచి కూర్చున్నాడు.
"ఏమైంది?" అన్నాడు గట్టిగా.

ఎవరూ జవాబివ్వలేదు.
ఎవరిదో జిప్పు, ఎవరిదో దగ్గు మింగడం,
వీధిలో ట్రాము మలుపు తిరిగిన కీచు.
బొరోకా నా మోచెయ్యి పట్టుకుని
చెవిలో అడిగింది:
"ఇది బాగుంది. ఎవరు చేశారు?"

తర్వాత మళ్లీ మోత.
డ్రైవరు టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

ఇంకో సినిమా వస్తోంది,
ట్రాములకి కొత్త రంగు పూస్తున్నారు.
సాయంత్రం ఆరింటికల్లా చుక్కలు పంపమని
పత్రిక నుంచి రెండు ఫోన్లు.

నిన్న నడవ దాటి వచ్చి
ఒక గిన్నె నా చేతిలో పెట్టింది బొరోకా.
విరిగిన వెన్నెముకలన్నీ వేసి కాచిన సూపు.

ఉప్పు తక్కువైంది.
ఆ మాటే చెప్పాను.