రెండు నేరుగా, ఒకటి పక్కకు

ఎర్రగుంట్లలో మధ్యాన్నం కరెంటు పోతే
పాలిషు మిషన్లు ఒక్కసారిగా గొంతు దించుకుంటాయి.
చెవుల్లో మాత్రం ఇంకా రాయి అరుగుతానే ఉంటాది.

అట్లాంటప్పుడే దస్తగిరన్న
అప్పుడే మెరుపెక్కిన నల్లబండ మీద
సుద్దముక్కతో గళ్ళు గీసినాడు.
అటు ఎనిమిది, ఇటు ఎనిమిది.
సగం సుద్ద, సగం కడప.
"మూల తెల్లగడి నీ కుడిచేతికి రావల్ల" అన్నాడు.
బండ తిరగదు గదా,
నన్నే తిప్పి కూచోబెట్టినాడు.

ఏనుగులకు అరిగిన బ్లేడు పండ్లు,
ఒంటెలకు సోడా మూతలు,
గుర్రాలకు వంగిన మేకులు, మంత్రికి పొడుగు బోల్టు.
రాజు మాత్రం గుండ్లు రాలిపోయిన బేరింగు.
చుట్టూ ఒక్కడుగు, అంతే ఆయన రాజ్యం.
నా బంట్లు చెనక్కాయలు, ఆయనవి చింతపిక్కలు.
చంపిన బంటునల్లా ఆయన ఒలుచుకొని తిన్నాడు.
నేను చింతపిక్కలను ఏం చేసుకునేది?

ఏనుగు గోడెంబడి పోయినట్టు నేరుగా.
ఒంటె ఓరగా. సుద్దగడిలో పుట్టిందా,
సుద్దగడిలోనే చస్తాది, పక్కింటి నలుపు తొక్కదు.
బంటు నడిచేది ముందుకు, కొట్టేది ఓరకు.
"మల్ల ఎనక్కి?" అన్నా.
"బంటుకు ఎనకుండదు పాపా."

గుర్రం నాకు ఎంతకూ ఎక్కలేదు.
అప్పుడు కుడిచెయ్యి ఎత్తి చూపినాడు,
కటింగు మిషను రెండు వేళ్ళు తిని
మూడు మిగిల్చిన చెయ్యి.
చూపుడువేలు, నడిమివేలు నేరుగా.
బొటనవేలు పక్కకు.
"ఇంతే గుర్రం. మధ్యలో ఎవురున్నా దూకుతాది."
ఆ చేతిని అంతసేపు నేనెప్పుడూ చూడలా.

నా చెనక్కాయ ఒకటి ఎట్లనో బతికి
ఏడో వరసకు చేరింది.
ఇంగొక్క గడి దాటితే మంత్రి.
ఎత్తు ఆయనది. బీడీ ముట్టించుకొని
ఆలోచిస్తా ఉంటే కరెంటొచ్చె.
మిషను కింద నీళ్ళు పోసేది నా పని.
పైపు పట్టుకున్నా.
గళ్ళన్నీ కలిపాల మాదిరి కారిపాయ.
పొద్దుగూకేసరికి ఆ బండ లారీ ఎక్కి
ఎవురి వంటింటికో పాయ.

మర్నాడు ఇంకో బండ, ఇంకో సుద్దముక్క.
"నీ బంటు యాడుండె?"
ఎనిమిదో వరసలో పెట్టినా.
దస్తగిరన్న బండ దిక్కు చూసినాడు, నా దిక్కు చూసినాడు.
"ఎత్తు నాదే ఉండె గదా" అని గొణిగి
జేబులో తడిమి
ఇంకో బోల్టు తీసి ఆ గడిలో నిలబెట్టినాడు.
చెనక్కాయను మాత్రం తానే తిన్నాడు.