రివర్స్ లేని సందు

సప్తగిరి సర్కిల్ పక్కన, చెప్పులంగడి పైన, రెండో మిద్దెలో
రాత్రి తొమ్మిదికి నా డ్యూటీ.
ఎదురుగా తెర. తెర మీద అమెరికా.
పైనుంచి మాత్రమే, గద్ద చూసినట్టు.

నా పని గీతలు గీయడం.
ఇంటి కప్పు చుట్టూ ఎర్ర గీత,
చెట్టు చుట్టూ పచ్చ గీత,
ఈత కొలను చుట్టూ నీలం.
ఎవరిండ్లో, ఏ కంపెనీకి ఎందుకో
ఫక్రుద్దీన్ సారుకీ తెలీదు.
గీత వంకర పోతే మాత్రం తెలుస్తాది.

మూడేండ్లలో నేను చూసిన నగరం ఒక్కటీ లేదు.
అన్నీ శివార్లే.
షికాగో పక్క నేపర్‌విల్,
డాలస్ పక్క ప్లానో,
ఫీనిక్స్ పక్క చాండ్లర్. వానలు తక్కువంట, మన సీమ మాదిరే,
అయినా పెరడు పెరడుకీ ఒక నీలి మడుగు.
మొదటి వారం ఆ నీలం గీస్తా గీస్తా
రాత్రికి మూడుసార్లు లేచిపోయి నీళ్లు తాగొచ్చేదాన్ని.

మా ఆయన ఓబులేసు ట్యాంకర్ తోలతాడు.
ఐదు వేల లీటర్లు. రుద్రంపేట, పాపంపేట, రాచానపల్లి రోడ్డు.
తెల్లారి నేనొచ్చేసరికి ఆయన బయల్దేరతాడు,
గడప దగ్గర పావుగంట మా కాపురం.
ఒకదినం అడిగినాడు:
"ఆ గుంత ఒకటి నింపాలంటే ఎన్ని ట్రిప్పులే?"
లెక్క కట్టి చెప్పినా. పద్నాలుగు.
మీసం కింద ఏదో లెక్క తిరిగింది.
"దుడ్లిస్తారా, కాతా పెడతారా?"

చెట్లు, బడులు, పచ్చిక, అవేవీ ఆయనకు పట్టవు.
"సందులెట్లుంటాయి?" అంటాడు.
కరెంటు బిల్లు వెనక గీసి చూపించినా:
వీధి వంపు తిరిగి పోతాది, పోయి పోయి
యాడికీ పోకుండా
చివర ఉగ్గుగిన్నె మాదిరి గుండ్రంగా ఆగిపోతాది.
చుట్టూ ఐదిండ్లు, మొహాలు లోపలికి పెట్టుకొని.

చానాసేపు చూసినాడు.
"అంటే ట్యాంకర్ అట్లే లోపలికి పోయి, ఒక చుట్టు తిరిగి,
అట్లే బయటికి రావచ్చు."
"రావచ్చు."
"రివర్సే లేదు!"
"లేదు."

పాపంపేట ఐదో సందులో దినామూ ఆయన
వెనక్కి పోవాల, మూడొందల అడుగులు.
ఒకపక్క కాలువ, ఒకపక్క అరుగులు,
వెనకాల పిల్లోళ్లు చేతులూపుతా "రానీ, రానీ, రానీ"
వాళ్లలో ఒక్కడికీ
ఎప్పుడు ఆపమనాలో తెలీదు.
పోయినేడు సాలమ్మవ్వ తులసికోట కూలింది.
ఆ దుడ్లు ఇంకా కడతానే ఉన్నాం.

అందుకని ఆయనకు నేపర్‌విల్ నచ్చింది.
"ఊరంటే అదీ!" అంటాడు టీ బంకు దగ్గర,
చూసొచ్చినోని మాదిరి.

నాకు నచ్చింది వేరే.
బోస్టన్ పక్క సోమర్‌విల్.
ఇండ్లు ఇరుగ్గా, ఒకదాని భుజం ఒకదానికి తగిలేట్టు.
నీలం గీతకు పనే లేదు.
రాత్రి రెండున్నరకి, నిద్రతో గీతలు రెండ్రెండుగా కనబడేటప్పుడు,
ఒక ఇంటి వెనక సన్నగా ఏదో.
దగ్గరికి లాగినా. ఇంకా దగ్గరికి.
తీగె. తీగె మీద
ఏడో ఎనిమిదో రంగు ముక్కలు. ఒకటి పెద్దది, తెల్లది, దుప్పటేమో.
ఇన్ని వేల ఇండ్లల్లో
ఆరేసిన బట్టలు చూడ్డం అదే మొదలు.

జాబితాలో దానికి రంగు లేదు.
కప్పు కాదు, చెట్టు కాదు, బండి కాదు.
వదిలేయమన్నాడు సారు. వదిలేసినా.
వదిలేసే ముందు, ఎవరో ఖాళీ బకెట్‌తో ఇప్పుడే లోపలికి పోయింటారని
కొంచేపు చూస్తా కూచున్నా.

తెల్లారి మిద్దె మీద నేను బట్టలారేస్తుంటే
కింద సందులో ట్యాంకర్ వెనక్కొస్తా ఉంది.
బిందెలు అప్పటికే వరసలో. రానీ, రానీ.
పైనుంచి నాకు అంతా కనబడతాది:
కాలువ అంచు, వెనక టైరు, సాలమ్మవ్వ కొత్త తులసికోట.
తడి లుంగీ చేతిలో అట్లే పట్టుకొని
పిట్టగోడ మీదికి వంగి అరిచినా,
"కుడికి... ఇంకొంచెం... చాలు, ఆపు!"

ఆగింది.
కోటకీ బండికీ మధ్య జానెడు.
ఆయన తల బయటపెట్టి, పైకి చూసి,
ఎవరో తెలీనట్టు,
"మీ ఇంటికెన్ని బిందెలమ్మా?" అన్నాడు.