ఉప్పు డబ్బా దాకా

బల్లారట్‌లో జూలై.
కిటికీ మీద ఆవిరి తుడిచి చూస్తే
అవతల మోరీన్ ఇంట్లో లైటు లేదు.
తుంటి ఎముక విరిగి ఆస్పత్రికి పోతూ పోతూ
అంబులెన్సు తలుపులోంచి నా చేతిలో పెట్టింది
ఒక తాళంచెవి,
కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో రాసిన వంట.
"వాల్టర్‌కి పళ్ళు లేవమ్మా, మెత్తగా చెయ్యి."
నాకు కుక్కలంటే భయమని చెప్పడానికి
అది సమయం కాదు.

నాకు ఏడేళ్ళప్పుడు, రేపల్లె రైలు గేటు దగ్గర
పిక్క పట్టుకుంది ఒకటి.
బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.
కాంపౌండరు సత్యానందం లెక్క తప్పకుండా
రోజుకో గీత గోడ మీద బొగ్గుతో గీసేవాడు.
ఇప్పటికీ వీధిలో గొలుసు చప్పుడైతే
ముందు నా పొట్ట వింటుంది,
తర్వాతే చెవులు.

అయినా వంట వంటే కదా.
ఓట్స్ మిక్సీలో వేసి పిండి చేశాను.
గుమ్మడికాయ ఉడికించి, గరిటె వెనకతో మెదిపి,
ఒక గుడ్డు, రెండు చెంచాల వేరుశనగ ముద్ద.
ముద్దలో తీపి ఏదీ కలిసి ఉండకూడదని
మోరీన్ కింద రెండు గీతలు గీసింది.
ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు,
ఎండుద్రాక్ష వద్దే వద్దు, ఉప్పు వద్దు.
చదువుతుంటే నవ్వొచ్చింది:
మా నాయనమ్మ కార్తీకమాసం
తోక ఊపుకుంటూ ఇంత దూరం వచ్చింది.

చెయ్యి మాత్రం ఉప్పు డబ్బా దాకా పోయింది.
ముప్పై ఏళ్ళుగా వండుతున్న చెయ్యి, దానికెవరు చెప్తారు?
మూత తీసి, మళ్ళీ పెట్టి,
చుట్టానికి చప్పిడి పప్పు వడ్డించినదానిలా
కాసేపు తల వంచుకు నిలబడ్డాను.

ఎముక ఆకారం అచ్చు నా దగ్గర లేదు.
చపాతీలా ఒత్తి, చాకుతో ఏటవాలుగా కోశాను,
పండక్కి మైదా బిస్కెట్లు కోసినట్టే.
నాకొచ్చిన ఆకారం అదొక్కటే.

వెనక తలుపు తీస్తే
వాడు సోఫా చాటున ఉన్నాడు.
సన్నగా, బూడిదరంగులో, మడిచిన గొడుగులాంటి మనిషి.
మనిషి అన్నాను కదూ. పోనీ.
ఒకప్పుడు పందెం కుక్క.
నలభై ఒక్క పందేలు, ఒక్క గెలుపు,
చెవి లోపల పచ్చసిరాతో పొడిచిన అక్షరాలు.
వాడికీ పడ్డాయి సూదులు.
వాడి లెక్కా ఎవరో రాసుకున్నారు.

మెట్లంటే భయమట, ఇస్త్రీ పెట్టె అంటే భయమట.
నేనన్నా భయమేనని
ఆ వెనక కాళ్ళు వణకడం చూసేదాకా తట్టలేదు.
నన్ను చూసి జడిసిన ప్రాణి
బొద్దింకలు తప్ప ఇదివరకు లేదు.

నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్ళు పటపటమన్నాయి.
మధ్యలో ఒక బిస్కెట్.
రాలేదు.
మర్నాడూ రాలేదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నాను, అదీ చల్లారింది.
మూడోనాడు విసుగొచ్చి
"ఇదిగో, నేనూ తింటున్నా చూడు" అని కొరికాను.
నైవేద్యమైతే ముందు రుచి చూడకూడదు,
వీడి శాస్త్రం వేరు.
తౌడు రుచి. గుమ్మడి ఎక్కడో వెనక గదిలో ఉన్నట్టు.

అప్పుడు లేచాడు.
గాజు మీద నడిచినట్టు నాలుగడుగులు,
ఆగి, వాసన చూసి, ఇంకో రెండు.
నా అరచేతిలో తడి మూతి,
వెచ్చటి చిగుళ్ళు, కొంచెం చొంగ.
పొట్టలో పద్నాలుగు చోట్లా బిగిసింది.
కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను.
పదకొండు దాకా ఒక్కొక్కటే వదిలాయి.
మూడు అలాగే ఉన్నాయి.

రాత్రి మోరీన్ ఫోన్.
"తింటున్నాడా?"
"తింటున్నాం" అన్నాను.
అటు నవ్వు వినపడింది,
ఆ వెంటనే "అబ్బా, తుంటి" అని మూలుగు.