గుమ్మడి గింజలు

గ్రాట్స్‌లో, మూర్ నది పక్క సందులో
తెల్లవారుజామున నాలుగింటికి
రొట్టె పళ్ళెం తిప్పుతుంది హెల్ట్రూడ్.
ప్రతిసారీ అదే మేర,
తిప్పుకొక గింజ.

పావు చుట్టు తిప్పితే
నాలుగే చోట్ల గుట్టలు, మిగతాదంతా బోడి.
ఆమె మణికట్టు ఏ భిన్నానికీ లొంగదు.
కీళ్ళనొప్పో ఏమో,
అయిదింట రెండు వంతులకు రవ్వంత తక్కువ.
పడ్డ చోట మళ్ళీ పడదు ఏ గింజా.
ఎక్కడ కోసినా
ముక్క వెడల్పుకు తగ్గ వాటా.

పైగదిలో అద్దెకుండి
ఈ సంగతి కాగితం మీద తేల్చుకోడానికి
నాకు మూడు చలికాలాలు పట్టింది.

"అన్నీ సమంగా పడ్డాయి" అన్నానొక రోజు.
కత్తి ఆపి చూసింది.
"ఈ ముక్కకి ఒకటి తక్కువ."

నిజమే. ఎన్ని చల్లినా
ఎక్కడో ఒక ముక్కకి మనం బాకీ.
వేలు లక్షలైనా తీరదది,
సంవర్గమానంలా, నత్తనడకన పెరుగుతూనే ఉంటుంది.
రాశి పెద్దదయ్యేకొద్దీ కంటికి ఆనదు, అంతే.

ఈ వారం హెల్ట్రూడ్ చేతికి కట్టు.
కొత్త కుర్రాడు ఫ్లోరిన్
సరిగ్గా పావు చుట్టు తిప్పుతున్నాడు, ఈల వేస్తూ.
చెప్పబోయి ఊరుకున్నాను.
నా వంతుకి బోడి ముక్కే వచ్చింది.
వెన్న రాసుకుంటున్నాను.