పొడుగు పుస్తకం

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
నాలుగడుగుల రీఛార్జి కొట్టు నాది.
సొరుగులో ఎర్ర అట్ట పొడుగు పుస్తకం,
అందులో మూడొందల పన్నెండు మంది పాస్‌వర్డులు.

ఫోను కొన్నవాళ్ళు ముందు నా దగ్గరికే వస్తారు.
"నాకేటి తెలుసు, ఏదోటి ఎట్టీసీ బాబూ" అంటారు.
పెడతాను.
కొమ్ముతో కొంగలు చెక్కే ఉదయనాథ మహారణాకి
ఒడియా మాటలో కొంగ.
సంతకి చింతపండు తెచ్చే మంజుల శబరకి
కొండమీద వాళ్ళ ఊరు, వెనక నాలుగు సున్నాలు.
ఆటో దండాసి మూడుసార్లు మరిచిపోయాడు,
పెట్టింది ఆలి పేరే.
చూశారా, అప్పుడే మీకు మూడు చెప్పేశాను.

షరతుల పేజీ ఇంగ్లీషులో వస్తుంది,
మహేంద్రతనయకి వరదొచ్చినంత పొడుగు.
బొటనవేలితో అడుగుదాకా తోసేస్తాను.
"ఏటి రాసుంది?"
"మీ సరుకు మా దగ్గర భద్రం అని."
నేనూ చదవలేదు.

మొన్న శుక్రవారం పదకొండు ఫోన్లకి
ఒకటే ఉత్తరం.
మీ వివరాలు కొన్ని బయటికి పోయి ఉండవచ్చు.
మీ భద్రతే మాకు ముఖ్యం.
చింతిస్తున్నాము.
చింతించే మనిషి సంతకం మాత్రం లేదు.

"ఏటేటి పోయాయి?" అంది మంజుల.
పేరు, నంబరు, పుట్టినరోజు, చదివాను.
"పుట్టినరోజా? జనవరి ఒకటి నువ్వేసిందే కదా!
నాకే తెలీనిది ఆళ్ళెలా పోగొట్టేరు?"
నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.
"మరి పిల్లదాని ఫోటోలో?"
నేను ఛార్జరు వైరు చుట్టాను, విప్పాను.
"నీ పుస్తకం ఉందా?"
ఉంది, అన్నాను, సొరుగు మీద చెయ్యేసి.

ఆమెకి చెప్పనిది ఒకటుంది.
నిరుడు ముసురులో, బేరం లేని ఒక మధ్యాహ్నం
పుస్తకం తెరిచి ఒక పేరు దగ్గర ఆగాను.
ఎవరిదో అడక్కండి.
నా ఫోనులో సగం అక్షరాలు కొట్టాను.
గుణుపురం రైలు కూత వేసింది,
ఎవరో చూసినట్టయి చెయ్యి తీసేశాను.
ఆ రైలు రోజూ వేళకి రాదు.

"సంతయ్యేక వస్తాను, ఛార్జింగెట్టు" అని
ఫోను బల్లమీద వదిలేసి వెళ్ళింది మంజుల.
దాని తెరమీద పిల్ల, ముందుపళ్ళు లేని నవ్వు.
బోర్లా పెట్టాను.

సాయంత్రం సొరుక్కి తాళం కొన్నాను.
అరవై రూపాయల తాళానికి రెండు చెవులిచ్చాడు.
రెండోది ఎవరికివ్వాలో తెలీక
జేబులోనే తిరుగుతోంది,
చిల్లరతో కలిసి మోగుతోంది.